పంపిన డబ్బు ఎవరి పేరున ఉంది?

(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి రికవరీ ఎంత అని చదువుకుంటాం. ఆ లెక్కలన్నీ ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి మన పుస్తకాల్లోకి ఎక్కని డబ్బు గురించి మాట్లాడమని కమిటీ మాకు చెప్పింది. కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్ నుంచి మన ఇళ్లకు వచ్చే డబ్బు అది. ఇంటిపనికి, వంటపనికి, పిల్లల్ని చూసే పనికి వెళ్లిన మన సభ్యులు పంపే డబ్బు.

ముందు ఒక అక్క సంగతి చెప్తాం. పేరు, ఊరు చెప్పం. తన సంగతి నలుగురికీ పనికొస్తుందంటే చెప్పండమ్మా అని ఆవిడే అన్నారు.

దివిసీమలో ఆవిడ మన సంఘం సభ్యురాలు. భర్తది కౌలు సేద్యం. రెండేళ్లు వరసగా పంట దెబ్బతిని అప్పులైతే, ఆవిడ కువైట్ వెళ్లారు. ఆరేళ్లు చేశారు. డబ్బు ప్రతి నెలా బావగారి ఖాతాకి పంపారు. భర్తకు బ్యాంకు పనులు తెలియవు, బావగారికి తెలుసు, అందుకని. అప్పులు తీరాయి. పిల్లలు చదువుకున్నారు. మిగిలిన డబ్బుతో ఒక ఎకరం కొన్నారు. రిజిస్ట్రేషను బావగారి పేరున అయింది. "నువ్వు వచ్చాక మార్చుకుందాంలే" అన్నారు. ఆవిడ వచ్చేసరికి ఆ ఎకరం మీద బావగారు తన కూతురి పెళ్లికి అప్పు తెచ్చి ఉన్నారు.

బావగారు చెడ్డమనిషి కాదు. ఆ ఆరేళ్లూ ఆ ఇంటిని చూసుకున్నది ఆయనే. కానీ కాగితం ఆయన పేరున ఉంది. అవసరం వచ్చింది, వాడుకున్నారు. ఆవిడ దగ్గర ఒక బిస్కెట్ డబ్బాలో డబ్బు పంపిన రసీదులు సగం వరకు ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకుని గ్రామ సంఘం, పెద్దలు కూర్చుంటే కొంత డబ్బు తిరిగి ఇవ్వటానికి ఒప్పుకున్నారు. మిగతాది పోయినట్టే.

ఇందులో మన తప్పూ ఉంది, ఒప్పుకోవాలి. ఆవిడ వెళ్లిననాడు సంఘం ఏం చేసింది? పొదుపు లెక్క చూసి, చేతికిచ్చి, పుస్తకంలో పేరు కొట్టేసింది. ఇక్కడ ఉన్నప్పుడు వంద రూపాయల పొదుపు ఒక్క వారం ఆలస్యమైతే అడిగిన మనం, ఆవిడ నెలకు వేలకు వేలు పంపుతుంటే అవి ఎవరి ఖాతాలో పడుతున్నాయని ఒక్కసారి కూడా అడగలేదు. "వాళ్లింటి విషయం మనకెందుకు" అనుకున్నాం.

అందుకే ఈరోజు మేము చెప్పేది ఒక్కటే మాట. కష్టం ఎవరిదో ఖాతా, బీమా, కాగితం వాళ్ల పేరున ఉండాలి. వేరేవాళ్ల ఖాతాలో మన డబ్బు మన చిలకలపూడి గిల్టు గొలుసు లాంటిది. మెడలో ఉన్నంతసేపూ బంగారమే. తాకట్టుకు తీసుకెళ్లిన రోజున తెలుస్తుంది.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం.

వెళ్లేముందు అప్పు

గల్ఫ్ లెక్క విమానం ఎక్కాక మొదలవుతుందని అనుకుంటాం. కాదు. ఏజెంటుకు ఇచ్చే డబ్బు దగ్గరే మొదలవుతుంది. ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ 5,400 కలిపితే 35,400. రసీదు ఇచ్చి తీరాలి. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడొచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే సంస్థ కూడా ఉంది. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు ఏ లైసెన్సూ ఉండదు. "విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం" అనేవాళ్లను నమ్మొద్దు. అలా వెళ్తే కాంట్రాక్టు ఉండదు, బీమా ఉండదు, జీతం ఎగ్గొడితే అడగటానికి చేతిలో కాగితం ఉండదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ఉంటుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవారికి 30 ఏళ్లు నిండి ఉండాలి. వయసు తప్పు రాయించి పంపుతామంటే, ఆ తప్పు రేపు మన బీమాకే అడ్డం పడుతుంది.

ఇప్పుడు అప్పు చూడండి. లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకు వడ్డీ 3,000. రెండేళ్ల కాంట్రాక్టు అయ్యేసరికి వడ్డీ ఒక్కటే 72,000 కడతారు, అసలు లక్ష అలాగే ఉంటుంది. అదే లక్ష సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంటే రెండేళ్లకు 24,000. తేడా 48,000. ఆ డబ్బు సంపాదించటానికి ఎన్ని అంట్లు తోమాలో వెళ్లొచ్చినవారికి తెలుసు. వెళ్లాలని నిర్ణయించుకున్న సభ్యురాలు వడ్డీ వ్యాపారి గడప తొక్కక ముందు సంఘంలో చెప్పాలి. సంఘం కూడా "కువైట్ వెళ్లేదానికి అప్పా, ఎవరు కడతారు" అని నోరు మూయించకూడదు.

ఖాతా

దేశం వదిలి ఉద్యోగానికి వెళ్లాక ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే వాడటం నిబంధనలకు విరుద్ధం. విదేశీ మారకద్రవ్య చట్టం, అంటే ఫెమా ప్రకారం, దాన్ని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్చమని బ్యాంకుకు రాసివ్వాలి. ఇక్కడి కౌలు, అద్దె లాంటివి అందులో పడతాయి. అక్కడ సంపాదించి పంపే డబ్బు కోసం ఎన్.ఆర్.ఇ. అని ఇంకో ఖాతా తెరవాలి. పాస్‌పోర్టు, వీసా కాపీలతో వెళ్లేముందే బ్యాంకులో మాట్లాడి పెట్టుకుంటే, అక్కడి నివాస కార్డు చేతికొచ్చాక కాపీ పంపి పని పూర్తి చేయొచ్చు.

రెండింటికీ తేడా ఏమిటంటే పన్ను. విదేశంలో ఉంటున్నంత కాలం ఎన్.ఆర్.ఇ. ఖాతా వడ్డీకి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. ఎన్.ఆర్.ఓ. డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు ముందే 30 శాతం పన్ను, పైన సెస్సు కలిపి 31.2 శాతం కోస్తుంది. రెండు లక్షలు ఆరున్నర శాతం వడ్డీకి వేశారనుకోండి. ఏడాదికి 13,000 వడ్డీ. ఎన్.ఆర్.ఓ.లో అయితే అందులో 4,056 కోత. ఎన్.ఆర్.ఇ.లో కోత లేదు. కోసిన పన్నును, మన ఆదాయం పరిమితి లోపు ఉంటే, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ కార్డు అందుకే ఉండాలి. ఎన్.ఆర్.ఇ.లో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే కనీసం ఏడాది ఉంచాలి, ముందే తీస్తే వడ్డీ రాదు.

ఇంట్లోవాళ్లకు డబ్బు ఎలా అందుతుంది అంటారు. ఎన్.ఆర్.ఇ. ఖాతాకు భర్తనో, అమ్మనో, పిల్లనో రెండో పేరుగా చేర్చొచ్చు. ముందు పేరువారు బతికున్నంత కాలం డబ్బు వారిదే, రెండోవారు అధికార పత్రం మీద ఖాతా నడుపుతారు. అంతకంటే సులువు ఇంకొకటి. ఖాతా తన ఒక్కరి పేరునే ఉంచుకుని, ఇంటి ఖర్చు వరకు ప్రతి నెలా ఇంటివారి ఖాతాకు వెళ్లేలా బ్యాంకుకు రాసివ్వాలి. నామినీ పేరు తప్పక రాయించండి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఖాతాకున్న ఫోను నంబరు ఎవరి చేతిలో ఉంటే ఖాతా తాళం వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఓటీపీ ఆ నంబరుకే పోతుంది.

నెలకు 25,000 పంపుతున్న చెల్లి ఇలా పంచుకోవచ్చు. ఇంటి ఖర్చుకు 14,000. అప్పుకు 6,000. తన పేరున 5,000. రెండేళ్లకు తన పేరున 1,20,000 ఉంటాయి, వడ్డీ వేరే. "అంతా ఇంటికే కదా, నాది నీది ఏముంది" అనేది మంచి మాటే. ఆ మాట అన్న ఇంట్లోనే, ఆవిడ తిరిగొచ్చిన రోజున ఆటో కిరాయి కోసం ఇంకొకరి చేతివంక చూడాల్సి రాకూడదు.

డబ్బు బ్యాంకు ద్వారానో, లైసెన్సు ఉన్న ఎక్స్ఛేంజి ద్వారానో మాత్రమే పంపాలి. రూపాయి ఎక్కువ ఇస్తామని హుండీలో తీసుకుంటారు. అది చట్టవిరుద్ధం, రసీదు ఉండదు, రసీదు లేని డబ్బుకు సాక్ష్యం లేదు. పరాయివాళ్ల డబ్బు మన ఖాతాలో వేయించుకుని కమీషన్ తీసుకోవటం కూడా వద్దు. అది మోసం సొమ్మయితే పోలీసులు మన ఖాతానే నిలిపేస్తారు. సైబర్ మోసం జరిగిందనిపిస్తే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

పన్ను

పన్ను అనగానే చాలామంది భయపడతారు. కువైట్, సౌదీ, ఖతార్, ఎమిరేట్స్, ఒమన్, బహ్రెయిన్ దేశాల్లో ప్రస్తుతం జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాదిలో మన దేశంలో 182 రోజుల కంటే తక్కువ ఉండి, ఉద్యోగానికి వెళ్లినవారు ప్రవాసి కింద లెక్క. అక్కడ సంపాదించిన జీతం మీద ఇక్కడా పన్ను పడదు. డిసెంబరులో వెళ్లినవారు ఆ ఒక్క ఏడాదికీ ఇక్కడివారి కిందే వస్తారు. అయినా మూడు నాలుగు నెలల జీతం పన్ను పరిమితి దాటేంత ఉండదు కాబట్టి కంగారు పడక్కర్లేదు. కూతురు అమ్మకు, భర్త భార్యకు, అక్క తమ్ముడికి పంపిన డబ్బు అందుకున్నవారి ఆదాయం కాదు, దాని మీద పన్ను లేదు. బంధువు కానివారి నుంచి ఏడాదిలో 50,000 దాటి ఉచితంగా వస్తే మాత్రం లెక్కలోకి వస్తుంది.

గుడివాడ వైపు నుంచి వచ్చిన అక్కలు, "మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, మాకూ ఇదేనా" అని అడుగుతారు. గల్ఫ్ లెక్క అమెరికాకు పనికిరాదు. అక్కడ పన్ను కట్టే నివాసి అయినవారు ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా అక్కడ చూపించాలి. ఇక్కడ ఎన్.ఆర్.ఇ. వడ్డీకి పన్ను లేకపోయినా అక్కడ ఉంటుంది. బయటి దేశాల ఖాతాల్లో అన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ సంగతి అక్కడి ప్రభుత్వానికి తెలపాలి. అబ్బాయి పేరున మీరు ఇక్కడ డిపాజిట్ వేస్తుంటే ఆ వివరం అబ్బాయికి చెప్పండి. మీరు పురుడు పోయటానికి వెళ్తుంటే ప్రయాణ వైద్య బీమా లేకుండా విమానం ఎక్కొద్దు. మీకున్న పాత బీపీ, షుగరు జబ్బులకు అందులో ఎంతవరకు వస్తుందో ముందే చదివించుకోండి.

పొలం

దివిసీమ అక్క కథలో అసలు ముడి ఇక్కడుంది. ప్రవాసిగా ఉన్నవారు మన దేశంలో ఇల్లు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫార్మ్‌హౌస్ కొనకూడదు. ఇది ఫెమా నిబంధన. వెళ్లేముందు ఉన్న పొలం ఉంచుకోవచ్చు, పెద్దల నుంచి వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. కొత్తగా కొనటమే కుదరదు. మన వైపు డబ్బు చేతికి రాగానే పొలమో, చెరువో అంటాం. ఆవిడ పేరున కుదరదు కాబట్టి బావ పేరున, తమ్ముడి పేరున రాయిస్తాం. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున కొనటాన్ని చట్టం బినామీ కింద చూస్తుంది. కొన్ని మినహాయింపులున్నా, రేపు గొడవ వస్తే "డబ్బు నాది" అని కోర్టులో నిలబడటం చాలా కష్టం.

కాబట్టి ఓపిక పట్టాలి. డబ్బు ఎన్.ఆర్.ఇ. డిపాజిట్‌లో ఉంచండి. తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడ్డాక, ఖాతా మామూలు ఖాతాగా మార్చుకుని, పొలం సొంత పేరున కొనుక్కోండి. అన్నట్టు, పోస్టాఫీసు చిన్న పొదుపు పథకాల్లో కూడా ప్రవాసులు కొత్త ఖాతా తెరవకూడదు. తెలియక వేసి తర్వాత వడ్డీ దగ్గర ఇబ్బంది పడొద్దు.

బీమా

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో అనుమతి తీసుకుని వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో మొదలైంది, 2017లో మెరుగుపరిచారు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ఆసుపత్రి ఖర్చుకు లక్ష దాకా. యజమాని మారినా, ఊరు మారినా పాలసీ చెల్లుతుంది. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. మామూలు జబ్బుతో పోతే 10 లక్షలు రావు. రెండేళ్లో మూడేళ్లో అయ్యాక పాలసీ ఆగిపోతుంది. కాంట్రాక్టు పొడిగించినవారు ఆన్‌లైన్‌లో మళ్లీ కట్టాలి. కట్టటం మరిచిపోతే ఆ పత్రం ఇంట్లో ఉన్నా వట్టి కాగితమే.

అనుమతి అవసరం లేని పాస్‌పోర్టు ఉన్నవారు మన రాష్ట్ర ప్రవాసాంధ్రుల సంస్థ ఏ.పి.ఎన్.ఆర్.టి.ఎస్. నడిపే ప్రవాసాంధ్ర భరోసా బీమా గురించి అడిగి తెలుసుకోవాలి.

ఇక మనందరికీ తెలిసిన రెండు బీమాలు. ఏడాదికి 436 రూపాయలతో జీవన జ్యోతి, 20 రూపాయలతో సురక్ష. విదేశం వెళ్లినవారు కూడా ఇక్కడి బ్యాంకు ఖాతా ఉంటే వీటిలో ఉండొచ్చు, పరిహారం రూపాయల్లో ఇస్తారు. జీవన జ్యోతిలో మరణం ఏ కారణంతో జరిగినా 2 లక్షలు వస్తాయి. జబ్బుతో పోతే పెద్ద పాలసీ ఇవ్వని చోట ఇదే ఆసరా. ఇవి జూన్ 1 నుంచి మే 31 దాకా. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకపోతే ఆగిపోతాయి. ఖాతాను ఎన్.ఆర్.ఓ.గా మార్చినప్పుడు ఈ కోత కొనసాగుతుందా అని బ్యాంకులో అడిగి రాయించుకోండి.

అక్కడ రావలసినవి కూడా ఉన్నాయి. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని ముగించి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలని అందులో ఉంది. ఈ ఆఖరి మొత్తం ఉందని తెలియక అడక్కుండా వచ్చినవారు మనలో ఉన్నారు. కాంట్రాక్టు కాపీ దగ్గరుంటేనే అడగగలం. కష్టం వస్తే భారత రాయబార కార్యాలయం ఉంది, మదద్ పోర్టల్ ఉంది, ఇక్కడి నుంచి ఫోను చేయటానికి 1800 11 3090 టోల్‌ఫ్రీ నంబరు ఉంది. నిస్సహాయంగా చిక్కుకున్నవారిని ఇంటికి చేర్చటానికి, చనిపోయినవారి దేహాన్ని తీసుకురావటానికి రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి కూడా ఉంది.

సంఘం చేయవలసింది

వరదొచ్చాక కరకట్ట వేయలేమని మన దివిసీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ఈ మహాసభ ముందు మేము నాలుగు తీర్మానాలు పెడుతున్నాం.

ఒకటి. విదేశం వెళ్లే సభ్యురాలి పేరు పుస్తకంలో కొట్టేయకూడదు. ఆమె అప్పు, పొదుపు ఎలా సాగాలో మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి, ఒక కాపీ ఆమెకు ఇవ్వాలి.

రెండు. వెళ్లేముందు ఆమెకు ఒక ఫైలు కట్టాలి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా పత్రం, బ్యాంకు పుస్తకం, ఏజెంటు రసీదు, యజమాని చిరునామా. ఒక కాపీ ఇంట్లో, ఒకటి పుట్టింట్లో లేదా ఆమె నమ్మిన మనిషి దగ్గర, ఒకటి ఆమె ఫోనులో.

మూడు. బుక్ కీపరు ఏటా మే నెలలో ఆమె ఇంటికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగాలి. డబ్బు ఎవరి ఖాతాకు వస్తోంది? ఆమె పేరున ఎంత నిలవ ఉంది? బీమా ఎప్పటిదాకా ఉంది? ఇది ఇంటివాళ్లను అనుమానించటం కాదు. నెలనెలా మనం ఒకరి పుస్తకం ఒకరం చూసుకుంటున్నామంటే ఒకరినొకరు దొంగలనుకుంటున్నట్టా?

నాలుగు. తిరిగొచ్చిన సభ్యురాలిని మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కించకుండా, పాత సభ్యురాలిగానే సంఘంలో కూర్చోబెట్టాలి.

దివిసీమ అక్క ఈరోజు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. మళ్లీ సంఘంలో చేరారు. మొన్న ఆవిడ ఊళ్లో ఒక చెల్లెలు ఒమన్ వెళ్తుంటే, బ్యాంకుకు తోడు వెళ్లి ఖాతా కాగితాల మీద సంతకాలు పెట్టించింది ఆవిడే. రసీదులు దాచుకోమని తన పాత బిస్కెట్ డబ్బా కూడా ఆ చెల్లెలికే ఇచ్చారు.

తీర్మానాలకు ఒప్పుకున్నవారు చేతులెత్తండి. ఎత్తిన చేతులు మే నెలలో ఆ మూడు ప్రశ్నలు అడగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.